నాలుగు గోడల నడుమ వెలుగు

యుద్ధం, ఆచారం, వార్ధక్యం, అంటువ్యాధి - కారణమేదైనా, గడప దాటలేని రోజుల్లో కొందరు తమ కెమెరాలను ఇంటివైపే తిప్పారు. వారు చూసినది మనందరి ఇళ్ళలోనూ ఉన్నది. మనం చూడనిది మాత్రమే.

1939 మార్చి 15వ తేదీన జర్మన్ సేనలు ప్రేగ్ నగరంలో ప్రవేశించాయి. అది మొదలు ఆరు సంవత్సరాలు ఆ నగరం పరాయి సైన్యం పాలనలో ఉన్నది. రాత్రివేళ ఇంటి దీపపు కాంతి బయటికి పొక్కకూడదు. పగటివేళ వీధిలో కెమెరా నిలబెట్టినవాణ్ణి సైనికుడు అనుమానంగా చూస్తాడు. అటువంటి కాలంలో, ఒక ఛాయాచిత్రకారుడు చేయగల పని ఏమున్నది?

జోసెఫ్ సూడెక్‌కు అప్పుడు నలభైమూడేళ్ళు. ఉయెజ్ద్ అనే వీధిలో, ఎత్తైన నివాస భవనాల నడుమ ఉన్న పెరటిలో, ఒక చిన్న కొయ్య కట్టడం ఆయన స్టూడియో. 1927 నుంచి ఆయన నివాసమూ అదే, పనిచోటూ అదే. 1940లో ఆయన తన కెమెరాను ఆ స్టూడియో కిటికీకి ఎదురుగా నిలబెట్టాడు. 1954 వరకు, అంటే పద్నాలుగు సంవత్సరాలు, అదే కిటికీని మళ్ళీ మళ్ళీ చిత్రించాడు.

ఆ చిత్రాలలో కథ ఏమీ లేదు. గాజు పలకపై కమ్మిన ఆవిరి. ఆ ఆవిరి చారలు కట్టి కిందికి జారడం. చలికాలంలో అద్దంపై అల్లుకున్న మంచు తీగలు. పెరటిలో వంకర తిరిగిన ఒక చెట్టు, ఒకనాడు ఆకులతో, మరొకనాడు మోడుగా. కిటికీ గట్టుమీద ఒక గాజు గ్లాసు, అందులో ఒక పువ్వు. అంతే. అయినా ఇరవయ్యవ శతాబ్దపు ఛాయాచిత్ర కళను గురించి మాట్లాడేవారెవ్వరూ ఈ కిటికీని ప్రస్తావించకుండా ముందుకు పోలేరు.

ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ముందుగా కెమెరాకూ ఇంటికీ మధ్య ఉన్న బాంధవ్యం తెలియాలి.

కెమెరా పుట్టినిల్లు

ఛాయాచిత్రం పుట్టినది యుద్ధరంగంలోనో, రాజాస్థానంలోనో కాదు. ఒక ఇంటి మేడగది కిటికీలో. ఫ్రాన్సు దేశంలో సెయింట్ లూ ద వారెన్ అనే గ్రామంలో నిసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి కిటికీనుంచి కనిపించే కప్పులను, గోడలను ఒక లోహపు రేకుపై నిలుపగలిగాడు. మనకు మిగిలిన ఛాయాచిత్రాలలో, ప్రకృతి దృశ్యాన్ని కెమెరాతో పట్టినవాటిలో, ఇదే మొదటిది. రేకుకు పూసిన తారువంటి పదార్థం వెలుగు సోకినచోట గట్టిపడాలి. అందుకు కనీసం ఎనిమిది గంటలు పట్టి ఉంటుందని అంచనా. అందువల్లనే ఆ చిత్రంలో సూర్యకాంతి రెండు వైపుల గోడలమీదా పడినట్లు కనిపిస్తుంది. ఉదయమూ సాయంకాలమూ ఒకే రేకుమీద కలిసిపోయాయి.

ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కూడా ఇంటి గడప దాటకుండానే ఆరంభించాడు. 1835 ఆగస్టులో, లేకాక్ గ్రామంలోని తన భవనంలో, చిన్న చిన్న గాజు పలకలు పొదిగిన ఒక కిటికీని ఆయన చిత్రించాడు. ఇది నేటికీ నిలిచి ఉన్న నెగెటివులలో అత్యంత ప్రాచీనమైనది. పరిమాణం తపాలా బిళ్ళంత. అయినా భూతద్దంతో చూస్తే దాదాపు రెండు వందల గాజు పలకలను లెక్కించవచ్చునని ఆయన దానిపక్కనే రాసిపెట్టుకున్నాడు. ఇంటి నిండా అక్కడక్కడ ఆయన పెట్టి ఉంచిన చిన్న కెమెరా పెట్టెలను చూసి, ఆయన భార్య వాటికి ఎలుకల బోనులని పేరు పెట్టింది.

ఇద్దరూ కిటికీనే ఎందుకు ఎంచుకున్నారు? అక్కడ వెలుగు ఉన్నది, కిటికీ కదలదు, గంటల తరబడి కెమెరాను కాపలా లేకుండా వదలివేయవచ్చు. మరొక విధంగా చెప్పాలంటే, తొలినాటి కెమెరాకు కావలసినది వింత దృశ్యం కాదు, ఓపిక. అంతటి ఓపిక దొరికే చోటు ఇల్లు.

ఆ తరువాత లెన్సులు మెరుగుపడ్డాయి, రసాయనాలు చురుకెక్కాయి. కెమెరా ఇల్లు విడిచి కొండలెక్కింది, సముద్రాలు దాటింది. పెళ్ళికో, పట్టాభిషేకానికో తప్ప ఇంటివైపు తిరిగి చూడడం మానివేసింది.

మేడమీది గది

ఆ విధంగా వెళ్ళిపోయిన కెమెరాను ఇంటిలోనే నిలుపుకున్నవారిలో ముఖ్యురాలు ఒక గృహిణి. లేడీ క్లెమెంటినా హావర్డెన్ 1822లో స్కాట్లండులో జన్మించింది. పది మంది బిడ్డలను కన్నది. వారిలో ఎనిమిది మంది దక్కారు. 1857 ప్రాంతంలో, భర్త కుటుంబానికి చెందిన ఐర్లండు ఎస్టేటులో ఉండగా ఆమె కెమెరా పట్టింది. 1859లో కుటుంబం లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌కు మారినప్పుడు, కొత్త ఇంటి మేడమీద కొన్ని గదులను ఆమె తన స్టూడియోగా మార్చుకున్నది.

ఆ కాలంలో ఉన్నత కుటుంబపు స్త్రీ ఒంటరిగా కెమెరా మోసుకుని నగరమంతా తిరగడం ఊహకు అందని పని. దానికి తోడు ఆనాటి పద్ధతి కూడా ఇంటికే కట్టివేసేది. గాజు పలకకు కొలోడియన్ ద్రవం పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, అది తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గదిలో కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాలలో ముగియాలి. కనుక చీకటి గది పక్కనే ఉండాలి. బయటికి వెళ్ళే మగవాడు గుడారాన్నీ బండినీ వెంట తీసుకుపోయేవాడు. ఆమెకు మాత్రం పక్క గది చాలింది.

ఆమె చిత్రాలలో ఉన్నదంతా ఆ ఇల్లే. నక్షత్రాల నమూనా ఉన్న గోడ కాగితం, నిలువుటద్దం, బాల్కనీలోకి తెరుచుకునే పొడవాటి కిటికీలు, వాటిలోంచి ఏటవాలుగా నేలమీద పరచుకున్న ఎండ. ఆ ఎండలో ఆమె కుమార్తెలు: ఒకతె అద్దం ముందు, మరొకతె కిటికీకి ఆనుకుని, బయటి ప్రపంచంవైపు చూస్తూ. ఫర్నిచరును పక్కకు జరిపి, గదిని దాదాపు ఖాళీ చేసి, వెలుగుకు చోటిచ్చింది ఆ తల్లి. ఏడెనిమిదేళ్ళలో దాదాపు ఎనిమిది వందల చిత్రాలు తీసింది. 1863లోను, 1864లోను లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆమెకు వెండి పతకాలు ఇచ్చింది. 1865 జనవరిలో, నలభై రెండవ ఏట, న్యుమోనియాతో ఆమె మరణించింది.

ఆ చిత్రాలు కుటుంబపు ఆల్బములలో ఉండిపోయాయి. 1939లో ఆమె మనుమరాలు వాటిలో 775 చిత్రాలను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమ్‌కు అప్పగించింది. ఆల్బముల నుంచి ఊడబెరికినందువల్ల అనేక చిత్రాల మూలలు చినిగిపోయి ఉన్నాయి. నేడు ఆ మూల చినుగులే ఆమె చిత్రాలను గుర్తుపట్టే ఆనవాలు.

మన దేశంలో ఇదే శతాబ్దంలో పరిస్థితి మరొక రకంగా ఉండేది. పరదా చాటున బ్రతికిన స్త్రీల ముఖాలనుగాని, వారు తిరిగిన గదులనుగాని బయటి కెమెరా చూడలేకపోయింది. 1892లో హైదరాబాదులో రాజా దీనదయాళ్ స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పురుషుల దృష్టి సోకకుండా స్త్రీలు వచ్చి చిత్రాలు తీయించుకునే ఏర్పాటు అది. ఆ కాలానికి అది గొప్ప ముందడుగే. కాని అక్కడ కూడా స్త్రీయే ఇల్లు విడిచి కెమెరా దగ్గరకు వచ్చింది. కెమెరా ఆమె ఇంటిలోనికి రాలేదు. ఆమె వంటిల్లు, ఆమె కూర్చున్న మంచం, ఆమె కిటికీలోంచి పడిన ఎండ ఎట్లా ఉండేవో చెప్పే చిత్రాలు మనకు చాలా అరుదు.

ఒకే సామ్రాజ్యం, ముగ్గురు మనుషులు

గడప దాటనీయనిది ఆచారమే కాదు, యుద్ధం కూడా. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ముగ్గురు మనుషులున్నారు. ఒకరినొకరు ఎరుగరు. ఆ యుద్ధం ముగ్గురినీ తాకింది. తరువాత ముగ్గురూ ఇంటి లోపలి వెలుగును చిత్రించినవారే.

మొదటివాడు మనవాడు. సర్దార్ ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ పంజాబుకు చెందిన ప్రభు కుటుంబీకుడు, సంస్కృత పారశీక పండితుడు. హంగరీ దేశస్థురాలైన భార్యతో కలిసి ఆయన బుడాపెస్టు చేరుకున్నాడు. 1913 జనవరిలో అక్కడే పెద్ద కుమార్తె అమృత పుట్టింది. మరుసటి ఏడు రెండవ కుమార్తె పుట్టింది. అదే ఏడు యుద్ధమూ వచ్చింది. స్వదేశానికి దారులు మూసుకుపోయాయి. బ్రిటిషు ఇండియా ప్రజగా, బ్రిటనుకు శత్రువైన దేశంలో ఆయన చిక్కుపడ్డాడు. కుటుంబం భారతదేశానికి తిరిగి వచ్చినది 1921లో.

ఆయన వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు కాడు. కాని దాదాపు ఆరు దశాబ్దాలు కెమెరా వదలలేదు. హంగరీలోను, తరువాత సిమ్లాలోను, పారిస్‌లోను ఆయన తీసినవి ముఖ్యంగా ఇంటి చిత్రాలే: ఆటలాడుకునే కుమార్తెలు, అలంకరించుకున్న భార్య, పుస్తకాల మధ్య తాను. పెద్ద కుమార్తె అమృతా షేర్‌గిల్ చిత్రకారిణిగా దేశమంతా ఎరిగిన పేరు. 1941 డిసెంబరులో, ఇరవై ఎనిమిదేళ్ళ ప్రాయంలో, లాహోరులో ఆమె కన్నుమూసింది. తండ్రి 1954 దాకా జీవించాడు. బిడ్డ పోయిన పదమూడేళ్ళు ఆ తండ్రి వద్ద ఉన్నవి ఆమె గీసిన చిత్రాలు మాత్రమే కాదు. ఆమె పసితనపు ఇల్లు కూడా. ఆమె బాల్యాన్ని మనం ఈనాడు చూడగలుగుతున్నామంటే, దారులు మూసుకుపోయిన రోజుల్లో ఆ తండ్రి చేతిలో కెమెరా ఉండడం వల్లనే.

రెండవవాడు ఆంద్రే కెర్తెస్. బుడాపెస్టులో పుట్టి, ఆ సామ్రాజ్య సైన్యంలో చేరి, 1915లో తూటా తగిలి కొంతకాలం ఒక చేతి కదలిక కోల్పోయాడు. ఆయన కథలో మనకు కావలసిన ఘట్టం అరవై ఏళ్ళ తరువాత వస్తుంది.

మూడవవాడే సూడెక్.

ఒంటిచేతి మనిషి

జోసెఫ్ సూడెక్ 1896లో బొహీమియాలోని కోలిన్ పట్టణంలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకున్నాడు. 1915లో సైన్యం పిలిచింది. మరుసటి సంవత్సరం ఇటలీ సరిహద్దులో కుడి చేతికి గాయమైంది. చివరకు ఆ చేతిని భుజం దగ్గర తొలగించవలసి వచ్చింది. అట్టలు కట్టే పనికి రెండు చేతులూ కావాలి. ఆ జీవనోపాధి అంతటితో ముగిసింది. ఆసుపత్రులలో గడిపిన దీర్ఘకాలంలో కెమెరా ఆయనకు తోడైంది. తనవలె యుద్ధంలో అంగవిహీనులైన వారిని, వారుంటున్న వసతిగృహపు కిటికీలలోంచి పడే వెలుగులో చిత్రించాడు.

1926లో ఒక సంగీత బృందంతో కలిసి ఇటలీ వెళ్ళాడు. మధ్యలో బృందాన్ని విడిచి, తాను చేయి పోగొట్టుకున్న చోటును వెదుక్కుంటూ పోయాడు. రెండు నెలల తరువాతగాని ప్రేగ్ చేరలేదు. చోటు దొరికింది, చేయి దొరకలేదు. ఆ తరువాత ఆయన విదేశ ప్రయాణాల మాట తలపెట్టలేదు. ప్రేగ్ నగరమే చాలుననుకున్నాడు. జర్మన్ ఆక్రమణతో ఆ నగరం కూడా కుంచించుకుపోయి, కొయ్య స్టూడియో అంతైంది.

1940లోనే ఆయన పనితీరులో మరొక మార్పు వచ్చింది. ఎప్పుడో 1900 ప్రాంతంలో తీసిన ఒక శిల్పపు ఛాయాచిత్రం ఆయన కంటబడింది. అది పెద్ద నెగెటివును నేరుగా కాగితంమీద ఉంచి ముద్రించిన కాంటాక్టు ప్రింటు. చిన్న నెగెటివును పెద్దది చేసి ముద్రించినప్పుడు నీడలలోని సన్నని తేడాలు కొంత చెదిరిపోతాయి. కాంటాక్టు ప్రింటులో నెగెటివు ఎంత ఉంటే బొమ్మ అంతే. రాతి గరుకుదనం సైతం వేలికి తగిలినట్లుంటుంది. ఆనాటినుంచి ఆయన పెద్దది చేసి ముద్రించడం మానివేశాడు. ముప్పై సెంటీమీటర్ల వెడల్పు, నలభై సెంటీమీటర్ల పొడవు ఉన్న పలకలు పట్టే బరువైన కెమెరాలతో సైతం పనిచేశాడు. ఒంటి చేతితో, అవసరమైనచోట పళ్ళ సాయంతో.

ఈ పద్ధతికి కిటికీ తగిన వస్తువు. ఆవిరి పట్టిన గాజుమీద ఉన్నది నలుపూ కాదు, తెలుపూ కాదు. వాటి మధ్య వందలాది బూడిద రంగులు. ఆ రంగులు ఉదయం ఒక రకంగా, మబ్బు కమ్మినప్పుడు మరొక రకంగా, మంచు కురిసిన మరునాడు ఇంకొక రకంగా ఉంటాయి. పద్నాలుగేళ్ళలో కిటికీ మారలేదు. ఏ ఒక్క చిత్రమూ మరొకదాని వలె లేదు.

ఇది పలాయనమా?

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. 1942 మే నెలలో ప్రేగ్‌లో జర్మన్ పాలకుడు హైడ్రిక్‌పై దాడి జరిగింది. దానికి ప్రతీకారంగా జూన్ 10న లిడిచె అనే గ్రామాన్ని నాజీలు నేలమట్టం చేశారు. మగవారిని కాల్చి చంపారు. నగరంనుంచి యూదులను రైళ్ళలో నిర్బంధ శిబిరాలకు తరలించారు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు ఒక కళాకారుడు గ్లాసులోని పువ్వును చిత్రిస్తూ కూర్చోవడం తప్పు కాదా?

ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. సూడెక్ కిటికీ చిత్రాలలో సైనికుడు లేడు, శవం లేదు, నిరసన లేదు. వాటిని చూసి ఆ యుద్ధ చరిత్రను ఎవరూ తెలుసుకోలేరు. ఆ పని చేసిన చిత్రాలు వేరే ఉన్నాయి. వాటి స్థానం వేరు.

కాని గాజుమీద ఆవిరి ఎట్లా వస్తుందో ఒక క్షణం ఆలోచిద్దాం. బయట చలి, లోపల వెచ్చదనం ఉండాలి. లోపలి గాలిలో తేమ ఉండాలి. ఆ తేమ పొయ్యిమీది నీళ్ళనుంచి వస్తుంది, మనిషి ఊపిరినుంచి వస్తుంది. మనిషి మసలని చల్లని గదిలో అద్దం అంతగా చెమ్మగిల్లదు. ఆ విధంగా చూస్తే, ఆ కిటికీ చిత్రాలలో ప్రతిదీ ఒక సాక్ష్యం: ఈ గదిలో ఒక మనిషి ఊపిరి పీలుస్తున్నాడు, ఇంకా బ్రతికి ఉన్నాడు.

యుద్ధం ముగిసిన తరువాత ఆయనకు సహాయకురాలిగా వచ్చిన యువతి, సోన్యా బులాతీ, నాజీ శిబిరాలనుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి. మానవ క్రౌర్యాన్ని కళ్ళారా చూసిన ఆమె, ఆ చిన్న స్టూడియోలో వెలుగు నడకను గమనించడం నేర్చుకున్నది. అనంతరం అమెరికా వెళ్ళి, తానూ ఛాయాచిత్రకారిణియై, 1978లో ఆయన చిత్రాలతో ఒక గ్రంథం వెలువరించింది. ఆ చిత్రాలు పలాయనమని ఆమెకు తోచి ఉంటే, అంత శ్రమ పడి ఉండేది కాదు.

సూడెక్ 1976 సెప్టెంబరులో మరణించాడు. ఆ కొయ్య స్టూడియో 1985లో అగ్నికి ఆహుతైంది. దాని స్థానంలో అదే రూపంలో మళ్ళీ కట్టిన భవనం 2000 సంవత్సరంలో ప్రదర్శనశాలగా తెరుచుకున్నది.

కిటికీ గట్టుమీద గాజు ప్రతిమ

ఇప్పుడు కెర్తెస్ వద్దకు తిరిగి వద్దాం. బుడాపెస్టునుంచి పారిస్‌కు, అక్కడనుంచి 1936లో న్యూయార్కుకు చేరుకున్న ఆయన, 1952లో వాషింగ్టన్ స్క్వేర్‌కు ఎదురుగా ఉన్న ఒక భవనంలో పన్నెండవ అంతస్తులో కాపురం పెట్టాడు. భార్య ఎలిజబెత్ ఆయనకు బుడాపెస్టు నాటి స్నేహం. 1977లో ఆమె కేన్సరుతో మరణించింది. ఆయనకు అప్పుడు ఎనభై మూడేళ్ళు. ప్రపంచమంతా మెచ్చిన ఛాయాచిత్రకారుడు. కాని ఆ ఇంటిలో ఒంటరి.

ఒకనాడు పుస్తకాల దుకాణపు అద్దాల వెనుక ఒక చిన్న గాజు ప్రతిమ ఆయన కంటబడింది. మెడ, భుజాల వంపు భార్యను గుర్తుకు తెచ్చింది. కొన్నాళ్ళకు దానిని కొని తెచ్చి కిటికీ గట్టుమీద ఉంచాడు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది పోలరాయిడ్ ఎస్.ఎక్స్.-70, 1972లో మార్కెట్లోకి వచ్చిన కెమెరా. బొత్తాం నొక్కగానే కాగితం బయటికి వస్తుంది. కొద్ది నిమిషాలలో బొమ్మ తేలుతుంది. చీకటి గది అవసరం లేదు, శారీరక శ్రమ లేదు. అరచేతిలో ఇమిడే చదరపు బొమ్మ. కళాకారులు చాలామంది దానిని ఆటవస్తువుగా చూశారు.

ఆ ఆటవస్తువుతోనే ఆ వృద్ధుడు తన కిటికీ గట్టును చిత్రించాడు. గాజు ప్రతిమలోంచి చూస్తే ఎదుటి నగరం తలకిందులై, వంగి, కరిగి కనిపించేది. ఉదయపు ఎండలో ప్రతిమ బంగారు రంగు, సాయంకాలం నీలం. భార్య వదలిపోయిన చిన్న చిన్న వస్తువులు పక్కన చేరాయి. 1981లో ఆ చిత్రాలను ఒక చిన్న పుస్తకంగా ప్రచురించి ఎలిజబెత్‌కు అంకితమిచ్చాడు. 1985లో ఆయన మరణించాడు.

సూడెక్ కిటికీకీ కెర్తెస్ కిటికీకీ మధ్య ఒక భేదం ఉన్నది. మొదటిదానిలో బయటి ప్రపంచం లోపలికి రాకుండా గాజు అడ్డుకుంటున్నది. రెండవదానిలో పోయిన మనిషిని గాజు లోపలే నిలుపుతున్నది. కాని ఇద్దరిదీ ఒకటే పద్ధతి: కొత్త దృశ్యం కోసం వెదకలేదు, ఉన్న దృశ్యంమీదికి కొత్త వెలుగు వచ్చేవరకు వేచి ఉన్నారు.

మన ఆల్బములలో లేనిది

2020 మార్చి 24వ తేదీ రాత్రి మన దేశమంతటికీ ఇరవై ఒక్క రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. గడువులు పొడిగిస్తూ పోయారు. ఇంటిలో ఉండగలగడం కూడా ఒక భాగ్యమేనని ఆ వేసవి నేర్పింది; వందల మైళ్ళు కాలినడకన స్వగ్రామాలకు బయలుదేరిన కూలీలకు మూసుకోవడానికి తలుపు కూడా లేదు. ఇల్లున్నవారు మాత్రం తమ ఇంటిని పగటివేళ, వరుసగా అనేక రోజులు చూడవలసి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా కాపురమున్న గదిలోకి ఎండ ఏ వేళకు వస్తుందో, ఏ గోడమీద ఎంతసేపు నిలుస్తుందో చాలామంది గమనించినది అప్పుడే. చేతిలోని ఫోనుతో దానిని చిత్రించినవారూ ఉన్నారు.

అంతకుముందు మనం దాచుకున్నవి ఏమిటి? ఏ తెలుగు ఇంటిలోనైనా పాత ఆల్బము తెరిచి చూడండి. పెళ్ళిపీటలు, అన్నప్రాశన, స్టూడియో తెర ముందు బిగుసుకుని నిలబడిన కుటుంబం. తాతగారు ఉంటారు, తాతగారి పడక కుర్చీ ఉండదు. నాయనమ్మ ఉంటుంది, ఆమె జీవితంలో ఎక్కువ భాగం గడచిన వంటిల్లు ఉండదు. పొయ్యి గట్టు, పొగ పట్టిన దూలం, గోడ గూటిలో దీపం, దండెంమీద ఆరిన చీర, మండువా నడిమి వాననీళ్ళు - ఇవి ఎవరికీ చిత్రానికి తగినవిగా తోచలేదు. ఫిల్ము ఖరీదైన రోజుల్లో దానికి కారణమూ ఉన్నది. ఆ ఇళ్ళు ఒక్కొక్కటే కూలిపోయి, వాటి స్థానంలో అపార్టుమెంట్లు లేచాయి. ఆ గదుల పొడవు వెడల్పులు ఇప్పుడు కొందరి జ్ఞాపకాలలో మాత్రమే ఉన్నాయి. ఆ కొందరి తరువాత అక్కడా ఉండవు.

కోటలను, గోపురాలను వేలాది మంది చిత్రిస్తారు. అవి పోయినా బొమ్మలు మిగులుతాయి. మీ వంటింటి కిటికీని మీరు తప్ప ప్రపంచంలో మరెవ్వరూ చిత్రించరు.

దానికి గొప్ప కెమెరా అవసరం లేదు. ముందుగా విద్యుద్దీపం ఆర్పివేయాలి. దాని కాంతి పగటి వెలుగుతో కలిసి రంగులను చెడగొడుతుంది. కిటికీ నుంచి దూరమైనకొద్దీ వెలుగు త్వరత్వరగా తగ్గుతుంది. మన కన్ను వెంటనే సర్దుకుంటుంది కనుక ఆ తగ్గుదల తెలియదు. కెమెరా అంతగా సర్దుకోలేదు. కనుక చిత్రించదలచిన వస్తువు కిటికీకి దగ్గరగా ఉండాలి, వెలుగు పక్కనుంచి పడాలి. వెలుగు తక్కువైనచోట చేతి వణుకు బొమ్మను చెదరగొడుతుంది. ఫోనునైనా సరే పుస్తకాల దొంతరకు ఆనించి నిలపడం మేలు. చిత్రం కోసం గదిని సర్దకూడదు. సర్దిన గది అతిథులది. సర్దని గది మీది.

ఒకే చోటును ఏడాది పొడవునా చూడడంలో మరొక లాభం ఉన్నది. కృష్ణా తీరపు ఇళ్ళలో మే మొదటి వారంనుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ మూడు నెలలూ దక్షిణపు కిటికీలో మధ్యాహ్నపు ఎండ పడదు. సంక్రాంతి నాటికి సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు. అదే కిటికీలోంచి ఎండ గది లోపలికి చొచ్చుకువస్తుంది. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదివేవి మన గచ్చుమీద నడుస్తూనే ఉంటాయి.

చివరి పని అన్నింటికంటె సులువైనది. సాధారణంగా ఎవరూ చేయనిది. ఫోనులో తీసిన వేల చిత్రాలు ఆ ఫోను చెడిననాడు పోవచ్చు. సంవత్సరానికి పది చిత్రాలనైనా కాగితంమీద ముద్రించి, ప్రతిదాని వెనుక తేదీ, గది, అందులో ఉన్నవారి పేర్లు పెన్సిలుతో రాసి ఉంచాలి. హావర్డెన్ చిత్రాలు ముప్పావు శతాబ్దం పాటు ఇంటి ఆల్బములలోనే భద్రంగా ఉన్నాయి. చివరకు మనుమరాలి చేతుల మీదుగా లోకానికి అందాయి. మీ ఇంటి మనుమలకు మ్యూజియమ్ అవసరం లేకపోవచ్చు. కాని, మా నాయనమ్మ ఏ కిటికీ పక్కన కూర్చుని బియ్యం ఏరేది అని వారు అడిగిననాడు, చూపించడానికి ఒక కాగితం ఉండాలి.